ఇంజిన్ మీద నేను గెలిచిన వాదన

మోటోక్రాస్ బండి ఇంజిన్‌కు లక్షలు పోసి బలం పెంచుకోవడం అవసరమా అని నన్ను అడిగేవాళ్లు ఈ మధ్య ఎక్కువయ్యారు. మట్టి ట్రాకు మీద దిబ్బలెక్కి గెంతే బండ్లవి. అడిగేవాళ్లు దాదాపు అందరూ తండ్రులు. మొన్న సూరారం నుంచి ఒకాయన ఫోన్ చేశాడు. ఫ్యాక్టరీలో షిఫ్టు దిగి బస్టాపులో నిలబడి మాట్లాడుతున్నాడు.

"సార్, మా పోరడు పిస్టన్ మార్వాలె, సైలెన్సర్ మార్వాలె అంటుండు. గవన్నీ ఏస్తె గెలుస్తడా? మీకు ఎరుకంట గదా."

నాకు ఎరుకే. చెప్పాను. మన దగ్గరి ట్రాకుల్లో మలుపులు ఇరుకు, మట్టి వదులు. ఇంజిన్ బలం పెంచితే వెనక చక్రం గిర్రున తిరిగి మట్టి చిమ్ముతుంది తప్ప బండి అంత ముందుకు పోదు. పెంచిన ఇంజిన్ తొందరగా అరుగుతుంది, మాటిమాటికీ విప్పించాలి. బండి ఎంత గట్టిగా లాగితే మనిషి దాన్ని అంత గట్టిగా పట్టుకోవాలి, అంత తొందరగా అలసిపోతాడు. ముందు షాకబ్జర్లు అబ్బాయి బరువుకు సరిచేయించండి. మంచి టైర్లు వేయించండి. నడపనివ్వండి. తన బండిలో ఉన్న బలమంతా వాడేసి, ఇంకా చాలడం లేదనేవాడికి ఈ పిస్టన్, సైలెన్సర్ల కిట్టు కావాలి. అలాంటివాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. మిగతావాళ్లకు అది ఖరీదైన తాయెత్తు.

ఫోన్ పెట్టేముందు, అబ్బాయి చేతులు ఒకసారి చూడండి అన్నాను.

"చేతులా? చేతులు మంచిగనే ఉన్నయి సార్," అని నవ్వాడు.

నేను చెప్పిన జవాబులో తప్పు లేదు. ఇవాళ్టికీ దానిలో ఒక్క మాట మార్చను. కానీ ఆ జవాబును నిరూపించిన ఆదివారం నన్ను వదలడం లేదు. దయ్యాలు లేవని ముప్పయ్యేళ్లు ఊరూరా తిరిగి చెప్పినవాణ్ని, నాలుక మీద కర్పూరం వెలిగించి చూపించినవాణ్ని. కాబట్టి పట్టిపీడించేదాన్ని ఆ పేరుతో పిలవను. వేరే పేరు ఇంకా దొరకలేదు.

బండి మా అమ్మాయిది. మేము కోస్తా నుంచి ఉద్యోగం కోసం వచ్చి బహదూర్‌పల్లి కాలనీలో ఇల్లు కట్టుకున్నాం. నేను కాలేజీలో భౌతికశాస్త్రం చెబుతాను, పత్రికలకు వ్యాసాలు రాస్తాను. అమ్మాయి ఇక్కడే పుట్టి పెరిగింది. ఇంట్లో మా యాసలో మాట్లాడుతుంది. గేటు దాటితే 'ఏంది', 'ఇగ', 'గట్లనా' అంటుంది. పంతొమ్మిదో ఏట మట్టి బండి ఎక్కింది. మొదటి నెలలోనే పడి కుడి మోచేయి వాచింది. వారంలో తగ్గింది. మేమంతా మర్చిపోయాం.

ఆమె బండి నడపడం నాకు గర్వం. ఆడపిల్ల ఒంటికి అంత సత్తువ ఉండదని సభలో ఎవరైనా అంటే, ఆదివారం శామీర్‌పేట వచ్చి చూడండి అనేవాణ్ని. నా వాదనలో ఆమె ఒక ఉదాహరణ అయిపోయింది. అది ఆమెకు ఇష్టమో కాదో అడగలేదు.

పోయిన ఏడు ఇంట్లో ఒక ఒప్పందం కుదిరింది. వానలు తగ్గాక జరిగే పోటీలో ఫైనలుకు చేరితే నడపడం కొనసాగిస్తుంది. చేరకపోతే ఆపేసి, వచ్చిన ఉద్యోగంలో చేరుతుంది. వాళ్లమ్మ పెట్టిన షరతు అది. ఇరవై మూడేళ్ల పిల్ల, నాలుగేళ్ల నుంచి ఆదివారాలు మట్టిలోనే గడుపుతోంది, ఎక్కడో ఒకచోట తేలాలి కదా అంది. అమ్మాయి ఒప్పుకుంది. ఆమెకు అడ్డమల్లా రౌండు పూర్తిచేయడానికి పట్టే కాలం. మొదటి మూడు రౌండ్లు గాలిలా పోయేది. నాలుగో రౌండు నుంచి వెనకబడేది.

మేడ్చల్‌లో హైవే వెనక సందులో ఉస్తాద్ రేకుల షెడ్డు ఉంది. అసలు పేరు ఉన్నా అందరికీ ఆయన ఉస్తాదే. ఆయన నోట్లో ఒక మాట ఊరికే దొర్లేది: జాన్. ఉర్దూలో ప్రాణం అని. బ్యాటరీ దిగిపోతే దాంట్లో జాన్ లేదు. స్ప్రింగు వదులైతే జాన్ లేదు. పక్క హోటల్ నుంచి వచ్చిన ఛాయ్ పల్చగా ఉంటే, "ఏంది బే, జాన్ లేదు దీంట్ల," అని గ్లాసు వెనక్కి పంపేవాడు. మా ఇళ్లలో ఆ మాట వినపడదు. మాకు ఒంట్లో ఓపిక ఉంటుంది, చేతిలో సత్తువ ఉంటుంది, బండికి పికప్ ఉంటుంది. దేని మాట దానికే. జాన్ అంటే ఉస్తాద్ షెడ్డులో యంత్రాలకు వాడే మాట అని నా లెక్క.

ఒకరోజు ఉస్తాద్ తీర్పు చెప్పాడు.

"సార్, బిడ్డ మస్తు నడుపుతది. బండే తోడిస్తలేదు. నాలుగో రౌండుకు డీలా పడుతాంది. ఇంజిన్ల జాన్ లేదు. పెద్ద పిస్టన్ ఎయ్యాలె, క్యామ్ మార్వాలె, సైలెన్సర్ బయటి దేశంది దెప్పియ్యాలె. గప్పుడు చూడుండ్రి."

ఆయన చెప్పిన ధరకు నా నాలుగు నెలల జీతం సరిపోదు. ఇవ్వగలను, ఇస్తే ఇవ్వచ్చు. కానీ నాకు ఆ మాటే మింగుడుపడలేదు. ఇనుములో ప్రాణం ఏమిటి?

"జాన్ నాలుగో రౌండులోనే ఎందుకు పోతుంది ఉస్తాద్? మొదటి రౌండులో ఉన్నది అదే ఇంజిన్ కదా?"

"గరం అయితది సార్."

"వేడికి ఎంత తగ్గుతుంది? కొలిచారా?"

ఉస్తాద్ తలగోక్కున్నాడు. నేను అడిగిన ప్రశ్న సరైనది. నాలుగో రౌండులోనే ఎందుకు అని దాని వెంట నడిచి ఉంటే ఎక్కడికి చేరాలో అక్కడికి చేరేవాణ్ని. నేను ఆ ప్రశ్నను తెలుసుకోవడానికి అడగలేదు. అవతలి మనిషి నోరు మూయించడానికి అడిగాను. సభల్లో అలవాటైన పని. ఎదుటివాడు తడబడగానే ప్రశ్న పని అయిపోయిందనుకుంటాం.

పరీక్ష పెడదామన్నాను. ట్రాకు శామీర్‌పేట దాటాక ఒక పటేల్ గారి భూమిలో ఉంది. ప్లాట్లు వేశారు, హద్దురాళ్లు పాతారు, అన్నదమ్ముల మధ్య కేసు నడుస్తోంది కాబట్టి అమ్మకం ఆగింది. తేలేదాకా పిల్లలు నడుపుకుంటారని అద్దెకిచ్చాడు. ఆయన అన్న కొడుకు దగ్గర మా అమ్మాయి బండి లాంటిదే, ఉస్తాద్ చేతితోనే కిట్టు వేయించినది ఉంది. అది అడిగాను. ఒక ఆదివారం పొద్దున్నే, ఎండ ఎక్కకముందు, ఆమె తన బండి మీద అయిదు రౌండ్లు, కిట్టు బండి మీద అయిదు, మళ్లీ తనది, మళ్లీ కిట్టుది. నడిపేది ఒకే మనిషి, ఒకే మట్టి. కాలం నేను కొలుస్తాను, చివరిదాకా ఆమెకు చెప్పను. పరీక్షల అట్టకు గీతల కాగితం పెట్టుకుని, దాని మీద గడులు గీసుకుని వెళ్లాను. చివరి గడికి 'గమనికలు' అని పేరు పెట్టాను.

పటేల్ ప్లాస్టిక్ కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు.

"ఉస్తాద్, సారుతోని ఎందుకు పెట్టుకుంటివి? దేవుణ్నే లేడంటడు. నీ ఇంజిన్ల పానం ఉన్నదంటె ఊకుంటడా?"

"ఊకోకుంటె ఏంది పటేలా. గడియారం ఆయనదే, లెక్క ఆయనదే. దేవునికి గింత ఖుల్లా పరీక్ష ఎవలు పెట్టిండ్రు?" అన్నాడు ఉస్తాద్.

మేమంతా నవ్వుకున్నాం. మంచి పొద్దు అది.

రెండు విడతలు అయ్యాయి. ఆమె నీళ్లు తాగింది. మూడో విడతకు నేను అనుకున్న వరుస తప్పింది. ఆమె బండి చైను వదులైతే ఉస్తాద్ బిగిస్తున్నాడు కాబట్టి, ముందు కిట్టు బండే ఎక్కమన్నాను. అయిదు రౌండ్లూ పూర్తిచేసి వచ్చి బండి ఆపింది. హెల్మెట్ తీసింది. కుడిచేతి గ్లవ్ పళ్లతో పట్టి లాగి, ఆ చెయ్యి ఎడమచేత్తో పట్టుకుంది.

"ఇగ జాన్ లేదు నాన్నా," అంది.

నేను ఉస్తాద్ వైపు తిరిగాను.

"విన్నారా? కిట్టు వేసిన బండి మీద కూడా జాన్ లేదంటోంది. మరి నేనేం కొనాలి?"

పటేల్ కుర్చీ చేతి మీద చరిచి నవ్వాడు. "అయిపాయె ఉస్తాద్. నీ జాన్ తీసిండు సారు." ఉస్తాద్ కూడా నవ్వేశాడు. "గెల్సిండ్రు సార్. నేనేమంట ఇగ," అన్నాడు. అమ్మాయి మా ముగ్గురినీ చూసి తానూ కొంచెం నవ్వింది. ఆపుదామా నాన్నా అంది. ఇంకో అయిదు రౌండ్లే కదా, సగంలో ఆపితే పరీక్ష చెల్లదు అన్నాను. గ్లవ్ మళ్లీ తొడుక్కుంది. ఎడమచేత్తో వేళ్లు ఒక్కొక్కటే దూర్చుకుంది. వెళ్లింది.

సగటు తీశాను. రెండు బండ్ల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. గమనికల గడిలో ఇలా రాశాను: 'కిట్టు బండి, మూడో విడత. ఇంజిన్‌లో జాన్ లేదని నడిపినవారు అన్నారు.'

ఇంజిన్‌లో అని ఆమె అనలేదు. ఆ మాట నేను చేర్చాను. మన భాషలో కర్త లేకుండా వాక్యం హాయిగా నిలబడుతుంది. ఎవరికి, దేనికి అన్నది వినేవాడు పూరించుకుంటాడు. నాకు అప్పుడు ఏది కావాలో దానితో పూరించాను.

లోపం బండిలో లేదని తేలింది కదా. ఇక మిగిలింది అభ్యాసం. కిట్టుకు పొయ్యని డబ్బుతో ట్రాకు అద్దె కట్టి, వారానికి ఒక రోజు బదులు నాలుగు రోజులు నడిపించాను. నాలుగో రౌండులో అలసిపోతోంది కాబట్టి ఎనిమిది రౌండ్లు తిప్పించాను. నా ముందున్న రుజువుతో చూస్తే అది తప్పు నిర్ణయం కాదు. అందుకే నన్ను నేను క్షమించుకోవడానికి సాకు కూడా దొరకడం లేదు. మూర్ఖత్వంతో చేసి ఉంటే, మూర్ఖుణ్ని అని ఒప్పుకుని కూర్చునేవాణ్ని.

రెండు నెలలకు ఒక పొద్దున వంటింట్లోంచి నా భార్య వచ్చింది. గుప్పిట్లో రాళ్లుప్పు ఉంది.

"నిన్న పాలగిన్నె వదిలేసింది. ఇందాక బీరువా తాళం కుడిచేత్తో తిప్పలేక ఎడమచేత్తో తిప్పుకుంది. పిల్ల మీద ఎవరి కన్నో పడింది. ఒక్కసారి దిష్టి తీస్తాను, మీరు మాత్రం నోరు తెరవకండి."

తెరిచాను. కంటి చూపులోంచి ఏదీ బయటికి పోదు, వెలుతురు లోపలికి వస్తుంది, అంతే, అని మొదలుపెట్టాను. కాలేజీలో ఏటా చెప్పే పాఠమే. అది పూర్తయ్యేసరికి ఆమె ఉప్పు మళ్లీ డబ్బాలో పోసేసింది. "మీతో మాట్లాడ్డం నాదే తప్పు," అని లోపలికి వెళ్లిపోయింది.

ఆమె చెప్పిన కారణం తప్పు, చూసిన సంగతి నిజం. తాళం తిప్పలేకపోతోందన్నది ఎవరైనా వెళ్లి చూసుకోగలిగిన విషయం. నేను కారణాన్ని చీల్చి చెండాడి, దానితోపాటు గిన్నెనూ తాళాన్నీ బయటికి విసిరేశాను. నా జీవితంలో ఇలా ఎన్ని విసిరేశానో ఇప్పుడు లెక్కపెట్టలేను. దేవుడు పూనాడని తీసుకొచ్చిన ఆడవాళ్లను ఊళ్లలో ఎందరినో చూశాను. పూనకం అబద్ధమని నిరూపించి బస్సెక్కి వచ్చేసేవాణ్ని. ఆ మనిషికి ఒంట్లో ఏముందో ఒక్కరినీ అడిగిన గుర్తు లేదు. అందులో ఒకామె, నలభై దాటి ఉండవు, నేను మాట్లాడుతున్నంతసేపూ పొట్ట పట్టుకునే కూర్చుంది. ఈ మధ్య ఆమె ముఖం తరచుగా గుర్తొస్తోంది.

పోటీకి పది రోజుల ముందు పడింది. నేను అక్కడే ఉన్నాను. పెద్ద దిబ్బ మీంచి లేచి దిగేటప్పుడు, చక్రాలు నేలను తాకిన క్షణాన కుడిచెయ్యి హ్యాండిల్ మీంచి జారిపోయింది. మబ్బు లేదు, తడి లేదు, ముందు ఎవరూ లేరు. చెయ్యి విడిచేసినట్టే కనిపించింది. బండి ఒకవైపు, ఆమె ఒకవైపు. మోచేయి ఒంటి కింద పడింది.

ఎముక విరిగింది కానీ సులువుగా అతికేదే. ఆసుపత్రిలో డాక్టరు ఎముక సంగతి చెప్పడం ముగించి ఆమె కుడిచెయ్యి తిప్పి చూశాడు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య, చేతి వెనకవైపు, గుంట పడి ఉంది. ఎడమచేతికి అక్కడ కండ ఉంది. రెండూ పక్కపక్కన పెట్టించాడు. నేను అంతవరకు అలా పెట్టి చూడలేదు.

"ఇది ఇప్పుడు పడటం వల్ల రాలేదు," అన్నాడు. "మోచేతి వెనక, తగిలితే జివ్వుమంటుంది చూడండి, ఆ నరం ఎప్పటినుంచో నలుగుతోంది. పాత దెబ్బ ఏదో ఉండుంటుంది. దానికి తోడు బండి అదురు. కండ ఇంత కరగాలంటే నెలలు పడుతుంది. వేళ్లు తిమ్మిరెక్కి ఉంటాయి, పట్టు తప్పుతూ ఉంటుంది. ఇంట్లో చెప్పలేదా తల్లీ?"

"చెప్పిన సార్," అంది.

ఇంటి యాసలో చెప్పాను అనలేదు. చెప్పిన అంది. నా వైపు చూడలేదు.

కారులో అడిగాను. ఎప్పుడు చెప్పావు?

"ట్రాకు మీద. జాన్ లేదని చెప్పా కదా."

"చెయ్యి అనలేదు నువ్వు."

"చెయ్యి పట్టుకునే చెప్పాను నాన్నా."

శామీర్‌పేట చెరువు మలుపు దాటాం. తర్వాత అడిగాను, మళ్లీ ఎందుకు చెప్పలేదని.

"మీరంతా నవ్వుతున్నారు. నాకూ నవ్వొచ్చింది. తర్వాత చెబితే అమ్మ ఆ రోజే ఆపించేది. పోటీ అయ్యాక చూపించుకుందాం అనుకున్నా." కట్టు కట్టిన చెయ్యి ఒళ్లో సర్దుకుని, "నీకు చెప్పాలంటే రుజువుండాలి. ఏముంది నా దగ్గర? పట్టు ఒకరోజు ఉంటది, ఒకరోజు ఉండదు," అంది.

ఉస్తాద్ ఇంటికి వచ్చాడు. కుర్చీ అంచున కూర్చున్నాడు, ఛాయ్ ముట్టలేదు. "గల్తీ నాది గూడ సార్. నేను గూడ బండే అనుకున్న. ఎవలన్న జాన్ లేదంటె నా చెవి సీదా ఇంజిన్ మీదికే పోతది," అన్నాడు. ఆయన కిట్టు అమ్మాలనుకున్నాడు, నేను కొనకూడదనుకున్నాను. ఇద్దరం ఒకే ఇంజిన్ చుట్టూ నిలబడి కొట్లాడుకున్నాం. ఆమె మా పక్కనే నిలబడి ఉంది.

ఆ గీతల కాగితం తీసి చూశాను. చూడకుండా ఉండాల్సింది. నాలుగు విడతల్లోనూ, ఏ బండి మీదైనా, నాలుగో రౌండు దగ్గర కాలం పెరుగుతోంది. విడత విడతకూ ఇంకా ముందే పెరగడం మొదలవుతోంది. నడిపే మనిషిలో ఏదో అయిపోతోందని పదో తరగతి పిల్లవాడైనా చెప్పేస్తాడు. నేను సగటు తీశాను. సగటులో అదంతా కలిసిపోయింది. అక్షరాలు, అంకెలు అన్నీ నా చేతిరాతే.

ఆపరేషన్ చేసి నరాన్ని పక్కకు జరిపారు. కండ తిరిగి వస్తుందా అంటే, రావచ్చు, రాకపోవచ్చు, ఏడాది చూడాలి అన్నారు. పోటీ ఎటూ పోయింది. షరతు మాట వాళ్లమ్మ మళ్లీ ఎత్తలేదు. అమ్మాయే తేల్చింది: పట్టు వస్తే మళ్లీ నడుపుతాను, రాకపోతే బండి అమ్మేద్దాం. అందాకా దాని మీద కప్పిన టార్పాలిన్ ఎవరూ తీయకూడదంది. తీయలేదు.

వ్యాయామం నేర్పేవాడు ఒక పని చెప్పాడు. రోజూ పొద్దున ఇంట్లో ఒకరు రెండు వేళ్లు ఇవ్వాలి, ఆమె కుడిచేత్తో గట్టిగా నొక్కాలి. నిన్నటికీ ఇవాళ్టికీ తేడా ఎంతో వాళ్లు చెప్పాలి. వేళ్లు నేనే ఇస్తున్నాను. ఎనిమిది నెలలైంది.

ఈ పొద్దున కూడా నొక్కింది. కళ్లు నా ముఖం మీద పెట్టి, పెదవి బిగబట్టి, మెడ నరాలు తేలేదాకా నొక్కింది. నా వేళ్ల చుట్టూ మెత్తటి గుడ్డ చుట్టినట్టుంది. నిన్న ఎలా ఉందో గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాను. నిజంగా నాకు తెలియలేదు. పెరిగిందని అనుకోవాలని ఎంత ఉందంటే, పెరిగిందో లేదో చెప్పే శక్తి నా వేళ్లలో ఎప్పుడో పోయింది.

"ఎట్లుంది?" అంది.

"నిన్నటికంటే కొంచెం నయం," అన్నాను.

ఆమె కుడిచెయ్యి తీసేసి, పోల్చి చూసుకోమన్నట్టు ఎడమచేత్తో నా వేళ్లు పట్టుకుని నొక్కింది. ఎముకలు ఒకదానికొకటి రాసుకున్నాయి. వదలమని అడగలేదు. ఆమె వదిలేదాకా అలాగే ఉంచాను.